స్పోర్ట్స్ కారుకు ఇంజన్ మార్పించాలనుకుంటున్నారా? నా పాత ఇంజన్‌ను నన్ను అడగకుండానే అమ్మేశారు, జాగ్రత్త

ఇప్పుడే గ్యారేజ్ నుంచి ఇంటికొచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అన్నం తిన్నాక రాద్దామనుకున్నాను గానీ ముద్ద దిగడం లేదు. ఈ శని, ఆదివారాల్లో ఎవరైనా అడ్వాన్స్ పట్టుకుని అక్కడికి వెళ్తారేమోనన్న భయంతో కూర్చుని రాస్తున్నాను. పేరు రాయను. స్పోర్ట్స్ కార్లలో ఇంజన్ మార్చే వీడియోలు పెట్టే ఆ గ్యారేజ్ ఏదో మనలో చాలామందికి అర్థమైపోతుంది. నేను కూడా ఆ వీడియోలు చూసే వెళ్లాను.

కారు సంగతి క్లుప్తంగా చెప్తాను. 2009 మోడల్, రెండు డోర్ల జర్మన్ కారు, రెండు లీటర్ల టర్బో పెట్రోల్. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 13 లక్షలకు కొన్నాను. ఈ ఏప్రిల్‌లో ఒక ఆదివారం శామీర్‌పేట నుంచి వస్తుంటే కూలెంట్ గొట్టం పగిలింది. టెంపరేచర్ ముల్లు పైకి పోవడం నేను చూశాను. చూసి కూడా, పెట్రోల్ బంక్ దాకా పోదాంలే అని మూడు, నాలుగు కిలోమీటర్లు నడిపాను. అక్కడికక్కడే ఇంజన్ ఆపి ఉంటే ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు. అందులో కారు తప్పేం లేదు, కంపెనీ తప్పేం లేదు, నాదే తప్పు.

టోయింగ్ బండిలో గ్యారేజ్‌కి చేర్చాను. వాళ్లు హెడ్, అంటే ఇంజన్ పైభాగం, విప్పారు. రెండో సిలిండర్‌కీ మూడో సిలిండర్‌కీ మధ్య గ్యాస్కెట్ (హెడ్‌కీ కింది దిమ్మకీ మధ్య ఉండే పల్చటి సీలు) కాలిపోయి కనిపించింది. నేను ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను. ఆ ఫోటోలే ఇప్పుడు నా దగ్గర మిగిలిన సాక్ష్యం. సాయంత్రం ఓనర్ ఫోన్ చేసి, "బ్లాక్‌కి క్రాక్ వచ్చింది సార్, ఇక దానికి పెట్టే రూపాయి వేస్ట్" అన్నాడు. బ్లాక్ అంటే సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ. క్రాక్ ఎక్కడుంది అని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా చెప్తాను. ఆ మాట వెంటనే ఇంకో మాట అన్నాడు: "ఎలాగూ డబ్బులు పెడుతున్నారు, అదే ఇంజన్‌లో పెద్ద వేరియంట్ వేసేద్దాం, ఇంకో 60 హార్స్‌పవర్ వస్తుంది." ఆ 60 విన్నాక నా బుర్ర పనిచేయలేదు. మా బావ ఆ రాత్రే ఫోన్ చేసి, "ఒరేయ్, ముందు ఆ క్రాక్ నీ కళ్లతో చూడు, ఇంకో మెకానిక్‌తో చూపించు, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వు" అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. పొద్దున్నే వెళ్లి 2 లక్షలు కట్టేశాను.

చెప్పిన ధర 4 లక్షల 60 వేలు. ఇంజన్ మౌంట్లు అన్నారు, వైరింగ్ అన్నారు, క్లచ్ ఈ పవర్‌కి నిలవదు అన్నారు, కంప్యూటర్‌కీ తాళానికీ మళ్లీ కోడింగ్ చేయాలన్నారు. అన్నీ కలిపి 5 లక్షల 80 వేలు తీసుకున్నారు. మూడు వారాలన్నది పదకొండు వారాలైంది. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఇలాంటి పనుల్లో అంచనా దాటడం మామూలే. ఇంజన్ మార్చడమంటే దిమ్మ తీసి దిమ్మ పెట్టడం కాదని నాకూ తెలుసు.

కారు చేతికొచ్చాక 340 కిలోమీటర్లు నడిచింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ వైపు వెళ్తుంటే ఆయిల్ లైటు వెలిగింది, లోపల టకటకా చప్పుడు మొదలైంది. ఈసారి మాత్రం ఒక్క మీటరు కూడా నడపలేదు. కారును వాళ్ల దగ్గరికి కాకుండా, బావకు తెలిసిన బాలానగర్ మెషిన్ షాపు పెద్దాయన దగ్గరికి పంపించాను. ఇంజన్ హెడ్లు ఫేసింగ్ చేయడంలో, అంటే వంగిన హెడ్ అడుగును చదును చేయడంలో, ఆయన చెయ్యి తిరిగిన మనిషి. విప్పి చూస్తే నీళ్లు తిరిగే దారుల్లో ఎండిపోయిన బురద. ఆయిల్ దారిలో కూడా సన్నటి మట్టి. "ఇది నీళ్లల్ల మునిగిన ఇంజన్ బిడ్డా, పైన పైన కడిగి పెట్టిండ్రు" అన్నాడు. 2020 అక్టోబర్ వానలకు మన సిటీలో సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. ఏటా ఏదో ఒక ఊళ్లో అలా మునుగుతూనే ఉన్నాయి. మునిగిన కారులోంచి తీసిన ఇంజన్ ఎక్కడికి పోతుందని నేను ఏనాడూ ఆలోచించలేదు.

బ్లాక్ మీద అచ్చువేసిన కోడ్ అక్షరాలు కూడా చూశాం. పెద్ద వేరియంట్ కాదు. మామూలు సెడాన్ కారులో వచ్చే ఇంజన్. ఆ సెడాన్‌లో ఇంజన్ పొడవుగా కూర్చుంటుంది, నా కారులో అడ్డంగా కూర్చుంటుంది. అందుకని నా పాత ఇంజన్ కింది ఆయిల్ సంపు, బ్రాకెట్లు, మానిఫోల్డ్, టర్బో ఊడదీసి దీనికి తగిలించారు. అంటే 60 హార్స్‌పవర్ మాట కూడా అబద్ధమే.

ఆ తర్వాత పెద్దాయన నా ఫోన్లోని పాత ఫోటోలు చూపించమన్నాడు. వేళ్లతో పెద్దది చేసుకుని ఒక్కొక్కటే చూశాడు. సిలిండర్ గోడల మీద హోనింగ్ గీతలు (గోడ అరిగిపోలేదనడానికి గుర్తు) చక్కగా కనిపిస్తున్నాయని చూపించాడు. "క్రాక్ ఉందన్నోళ్లు నీకు చూపించిండ్రా? ప్రెషర్ టెస్ట్ చేసిండ్రా?" అని అడిగాడు. లోపలికి ఒత్తిడితో గాలి పంపి ఎక్కడైనా కారుతుందేమో చూసేదే ప్రెషర్ టెస్ట్. లేదన్నాను. హెడ్ ఫేసింగ్ చేసి, కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు వేసి, బ్లాక్ పైభాగం చదునుగా ఉందో లేదో కొలిచి చూస్తే సరిపోయేదేమో అన్నాడు. రింగులు, బేరింగులు కూడా మార్చుకున్నా లక్షా 90 వేలలో తేలేదని లెక్క వేసి చూపించాడు. ఫోటో చూసి ఖాయంగా చెప్పలేనని, పాత ఇంజన్ తీసుకొస్తే రెండు రోజుల్లో పరీక్ష చేసి చెప్తానని అన్నాడు.

అందుకే ఈ రోజు గ్యారేజ్‌కి వెళ్లాను. నేను రాయాలనుకున్నది అసలు ఇదే.

స్కూల్ నుంచి చిన్నోణ్ణి తీసుకుని అటు నుంచి అటే వెళ్లాను. గొడవ పెట్టుకుందామని వెళ్లలేదు. దారంతా ఒకటే అనుకున్నాను: డబ్బుల సంగతి తర్వాత, ముందు నా ఇంజన్ నా చేతికొస్తే చాలు. ఓనర్ బయట కుర్చీ వేసుకుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. కొత్త ఇంజన్ సంగతి మొత్తం చెప్పాను, బురద ఫోటోలు చూపించాను. ఫోన్ వైపు తలతిప్పి చూశాడంతే. "సెకండ్ హ్యాండ్ ఇంజన్‌కి గ్యారంటీ ఎవరిస్తారు సార్" అన్నాడు. సరే, అది తర్వాత మాట్లాడుకుందాం, నా పాత ఇంజన్ ఇవ్వండి, ఆటో ట్రాలీ మాట్లాడుకుని వచ్చాను అన్నాను.

"పాత ఇంజనా? అది ఆ వారమే వెళ్లిపోయింది."

ఎక్కడికి వెళ్లింది అన్నాను. స్క్రాప్‌కి అన్నాడు. ఎవరికి అమ్మారంటే చెప్పడు. ఎంతకు అమ్మారంటే చెప్పడు. నన్ను ఒక్క మాట అడగాలి కదా అంటే లోపలి నుంచి జాబ్ కార్డ్ తెప్పించి వెనక్కి తిప్పాడు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక లైను ఉంది, తీసేసిన పాత సామాను వర్క్‌షాప్‌కే చెందుతుందని. దాని కింద నా సంతకం. అది నా సంతకమే. టోయింగ్ బండి వాడు తొందరపెడుతుంటే బానెట్ మీద పెట్టి గీకిన సంతకం.

నేను ఇంకా ఆ కాగితం వైపే చూస్తున్నాను. బత్తాయి తొన నోట్లో వేసుకుంటూ అన్నాడు: "అంత పెద్ద కారు మెయింటెన్ చేసేటోళ్లు, ఇనుప ముక్క కోసం పిల్లగాణ్ణి ఏసుకొని వచ్చి పంచాయితీ పెడుతుండ్రు." పక్కన పానాలు పట్టుకున్న కుర్రాళ్లు నవ్వారు. మా చిన్నోడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. ఆ కారు కడిగేటప్పుడు బకెట్ మోసేది వాడే. వెనక్కి వస్తుంటే, "నాన్నా, మన ఇంజన్ వాళ్లదెట్లా అయింది?" అని అడిగాడు. జేఎన్‌టీయూ దాకా నేనేమీ మాట్లాడలేకపోయాను.

మోసపోయిన డబ్బు సంపాదించుకోవచ్చు. కానీ క్రాక్ ఉందో లేదో నిరూపించాలంటే ఆ బ్లాక్ కావాలి. అది లేకుండా చేశారు. ఆ వారమే ఎందుకు పంపించేశారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది, దీని గురించి మనవాళ్లు అస్సలు మాట్లాడుకోరు. ఆర్‌సీ మీద, ఇన్సూరెన్స్ కాగితం మీద పాత ఇంజన్ నంబర్ ఉంది. బానెట్ కింద ఇంకో నంబర్ ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పుకు ఆర్టీవో అనుమతి కావాలి. అనుమతి లేకుండా ఇంజన్ మారిస్తే 14 రోజుల్లోగా వాళ్లకు తెలియజేయాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేర్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. గ్యారేజ్ వాడికి కాదు, యజమానికి. "ఆర్టీవో పని మేం చూసుకుంటాం సార్" అన్నారు, నేను నమ్మాను. ఇచ్చిన బిల్లులో "యూజ్డ్ ఇంజన్ అసెంబ్లీ" అని ఒక్క లైను ఉంది. నంబర్ లేదు, ఏ కారులోంచి తీశారో లేదు, ఆ కారు ఆర్‌సీ కాపీ లేదు. ఖైరతాబాద్ ఆర్టీవో ఆఫీసులో ఒకరిని కనుక్కుంటే, ఆ కాగితాలు లేకుండా దరఖాస్తు ముందుకు కదలదన్నారు. పైగా ఆ ఇంజన్ దొంగ బండిదైతే రేపు పోలీసులు ముందు నా ఇంటికే వస్తారు. ఈలోపు యాక్సిడెంట్ అయితే నంబర్ కలవలేదని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్‌కు అడ్డు చెప్పొచ్చు. అమ్ముదామన్నా, కొనేవాడు మొదట చూసేది ఆర్‌సీలో ఉన్న నంబరూ బండి మీదున్న నంబరూ కలుస్తున్నాయా లేదా అనే.

అసలు ఇంజన్ మార్పిడి లాభమా అని చాలామంది అడుగుతుంటారు. నా మట్టుకు నేను చెప్తాను. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్‌ను పగలగొట్టుకుని బయటకొచ్చిందనుకోండి, అప్పుడు వేరే దారి లేదు, మార్చుకోవాల్సిందే. అప్పుడు కూడా అదే కోడ్ ఉన్న ఇంజన్, కాగితాలతో దొరికితేనే. పవర్ కోసం మార్పించడం మాత్రం వద్దు. 13 లక్షల కారుకు 6 లక్షలు పెడితే అది 19 లక్షల కారు అవ్వదు. కాగితాలు కలవని కారును 8 లక్షలకు కూడా ఎవరూ అడగరు. పెద్ద ఇంజన్ పెట్టాక క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి డబ్బులు అడుగుతాయి. ఒరిజినల్ ఇంజన్‌ను విప్పి, కొలిచి, సరిగ్గా కట్టించుకుంటే ఆ కారు మళ్లీ ఎన్నో ఏళ్లు నడుస్తుంది. ఈ సంగతి నాకు ఏప్రిల్‌లోనే తెలుసు. తెలిసీ ఆ 60కి ఆశపడ్డాను.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. క్రాక్ అంటే ప్రెషర్ టెస్ట్ మీ ముందే చేయించండి, వీలైతే వేరే షాపులో. జాబ్ కార్డ్ వెనక్కి తిప్పి చదవండి, పాత సామాను నాకే కావాలని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి, పని మొదలయ్యే రోజే పాత ఇంజన్ ఇంటికి తెచ్చుకోండి. ఇచ్చే ఇంజన్ నంబర్ బిల్లు మీద లేకపోతే డబ్బు ఇవ్వకండి. కంప్రెషన్ ఎంతుందో కొలిపించి, వాల్వ్ కవర్ తీయించి లోపల చూడండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి లాయర్ దగ్గరికి వెళ్తున్నాను. అదే గ్యారేజ్‌లో ఇలాగే పాత ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.

ఇంకొక్క సాయం. రాణీగంజ్‌లో గానీ సిటీలో ఏ స్క్రాప్ షాపులో గానీ, లేదా పాత కార్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేటలో గానీ తిరిగేవాళ్లు ఉంటే కాస్త కనిపెట్టండి. నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల పెట్రోల్ ఇంజన్. టర్బో, సంపు, మానిఫోల్డ్ ఉండవు. టైమింగ్ బెల్ట్ కవర్ మీద తెల్ల పెయింట్ పెన్నుతో బెల్ట్ మార్చిన తేదీ, కిలోమీటర్లు తెలుగు అంకెల్లో రాసి ఉంటాయి. బడిలో తెలుగు అంకెలు కొత్తగా నేర్చుకుని మా చిన్నోడు రాశాడు. కనిపిస్తే ఫోటో తీసి పంపండి, ఎంత చెప్పినా కొనుక్కుంటాను.