సామ్రాజ్యాల పతనంపై ఆడియో కోర్సు: ఖజానా లెక్కల్లో మాస్టారికి తిరుగులేదు, నీతులు మాత్రం దాటేయండి

ప్రాచీన సామ్రాజ్యాలు ఎందుకు కూలాయో చెప్పే ఈ ఆడియో కోర్సు ఆసాంతం విన్నాను. క్రీ.పూ. 2200 ప్రాంతంలో దెబ్బతిన్న మెసొపొటేమియాలోని అక్కాద్‌తో మొదలై 476లో పశ్చిమ రోమ్‌తో ముగుస్తుంది. డబ్బు గురించి మాట్లాడుతున్నంతసేపూ ఈ మాస్టారు గొప్పగా చెబుతాడు. విలాసాలు, నైతిక పతనం అంటూ మొదలుపెట్టాడా, ఫార్వర్డ్ కొట్టేయొచ్చు. నేను చాలాకాలంగా ఆడిట్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, ఈ మాటలో కొంత వృత్తి పక్షపాతం ఉంటే ఉండొచ్చు.

అన్నిటికన్నా నచ్చింది రోమన్ నాణేల లెక్చర్. 211లో రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ చనిపోతూ కొడుకులిద్దరికీ చెప్పాడంటున్న మాటతో మొదలవుతుంది: మీరిద్దరూ కలిసుండండి, సైనికులకు బాగా ముట్టజెప్పండి, మిగతావాళ్లను లెక్కచేయకండి. పెద్దవాడు కరకల్లా ఏడాది తిరక్కుండానే తమ్ముణ్ని చంపించాడు. రెండో సలహాను మాత్రం తు.చ. తప్పకుండా పాటించి సైనికుల జీతాలు పెంచాడు. మరి డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి? 215లో ఓ కొత్త వెండి నాణెం వేశాడు. చరిత్రకారుల అంచనా ప్రకారం దాని మీది విలువ రెండు దెనారియస్‌లు (రోమన్ల పాత వెండి నాణెం), అందులో ఉన్న వెండి ఒకటిన్నర దెనారియస్‌లది. ఆగస్టస్ కాలంలో దెనారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి. 268లో గాలియెనస్ చక్రవర్తి హత్య నాటికి ఈ కొత్త నాణెంలో వెండి 5 శాతం కూడా లేదు. రాగి బిళ్లకు పూత పూసి వెండి అన్నారు.

దీన్ని సైనికుడి వైపు నుంచి చెప్పడం బాగుంది. జీతం అంకె పెరిగింది, చేతికొచ్చిన వెండి తగ్గింది. దాంతో ప్రభుత్వం సైన్యానికి కావలసిన ధాన్యం, బట్టలు జనం దగ్గర నేరుగా సరుకు రూపంలోనే వసూలు చేయసాగింది. అంటే ముద్ర వేసినవాడికే తన నాణెం మీద నమ్మకం పోయింది! 235 నుంచి 284 దాకా యాభై ఏళ్లలో ఇరవైమందికి పైగా చక్రవర్తులు మారారు, వాళ్లలో చాలామందిని చంపింది సొంత మనుషులే. మధ్యలో మహమ్మారి ఒకటి, మూలిగే నక్క మీద తాటిపండు. 301లో డయొక్లీషియన్ చక్రవర్తి వందలకొద్దీ సరుకులకు గరిష్ఠ ధర కట్టి, మీరితే మరణశిక్ష అన్నాడు. ధరలు ఆగలేదు.

కార్తేజ్ లెక్చర్ కూడా దీనికి తీసిపోదు. రోమ్ పతనం అనగానే అందరూ 410లో గోత్‌ల నాయకుడు అలారిక్ నగరాన్ని దోచుకోవడం గురించే చెబుతారు. ఈయన అక్కడ ఆగకుండా 439కి వెళ్లాడు. ఆ ఏడు వాండల్స్ అనే జర్మానిక్ తెగవాళ్లు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌ను పట్టుకున్నారు. ఉత్తర ఆఫ్రికా అంటే పశ్చిమ రోమ్‌కు ధాన్యం, పన్నులు రెండూ. ఐదేళ్లకు, 444లో, పశ్చిమ చక్రవర్తి మూడో వాలెంటినియన్ చట్టం ఒకటి వచ్చింది. కొత్తవాళ్ల సంగతి అటుంచి, ఉన్న సైనికులకే తిండీ బట్టా సరిపోవడం లేదని అందులో ఒప్పుకొని, ప్రతి అమ్మకం మీదా 24వ వంతు పన్ను వేశారు. ఓ ప్రభుత్వం తన చేతకానితనాన్ని తన చట్టంలోనే రాసుకోవడం ఆడిటర్‌కు అరుదుగా దొరికే కాగితం. ఆఫ్రికాను తిరిగి గెలవడానికి 468లో పంపిన భారీ నౌకాదళం వాండల్స్ నిప్పు ఓడలకు కాలిపోయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు సేనాని ఒడోవాకర్ పశ్చిమ రోమ్ కుర్ర చక్రవర్తిని దించేసినప్పుడు, నిజానికి దించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇక క్రీ.పూ. 1200 ప్రాంతపు గందరగోళం. ఇప్పటి టర్కీలో హిట్టైట్ల రాజధాని హత్తుసా ఖాళీ అయింది, సిరియా తీరంలోని ఉగారిత్ నగరం తగలబడింది. ఉగారిత్ రాజు సైప్రస్ రాజుకు రాసిన మట్టిపలక ఉత్తరాన్ని మాస్టారు నెమ్మదిగా చదివి వినిపిస్తాడు. శత్రువుల ఓడలు వచ్చాయి, నా ఊళ్లు కాల్చారు, నా సైన్యమంతా హిట్టైట్ల దగ్గరుంది, నా ఓడలన్నీ లుక్కా (నైరుతి టర్కీ తీరం) దగ్గరున్నాయి అంటాడా రాజు. వచ్చినవి ఏడు ఓడలు. మిత్రుడికి ఉన్నదంతా అప్పగించాక ఏడు ఓడలు కూడా ఎక్కువే. ఇంత చక్కగా చెప్పి, ఆ చివరి రోజుల పలకలు బట్టీలో కాలుతుండగానే నగరం పడిపోయిందన్న పాత కథను కూడా అంటించాడు. పరిశోధకులు దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేశారు.

అసలు చిరాకు తెప్పించింది విలాసాల లెక్చర్. సీసం గొట్టాల్లో నీళ్లు తాగి రోమన్లు మతి చెడి పాడైపోయారట. అవే గొట్టాలు, అదే మతం, అవే విందులు తూర్పు రోమ్‌లోనూ ఉన్నాయి కదా, అది 1453 దాకా ఎలా నిలిచింది? పన్నులు కట్టే ఈజిప్టు, సిరియా 7వ శతాబ్దం దాకా దాని చేతిలో ఉండటం ఒక ముఖ్య కారణం. ఆయన లెక్కే ఆయనకు జవాబు చెబుతోంది, ఆయన మాత్రం వినడు.

మౌర్యులకు ఓ పావుగంట విదిల్చి, అశోకుడి అహింస వల్లే సామ్రాజ్యం పోయిందని తేల్చేశాడు. పదమూడో శిలాశాసనంలో అదే అశోకుడు, పశ్చాత్తాపం ఉన్నా శిక్షించే శక్తి కూడా తనకుందని ఆటవికులను హెచ్చరించాడు. పైగా ఆయన పోయింది క్రీ.పూ. 232 ప్రాంతంలో. సేనాపతి పుష్యమిత్రుడు ఆఖరి మౌర్య రాజు బృహద్రథుణ్ని చంపింది 185 ప్రాంతంలో. మధ్యలో ఉన్న దాదాపు యాభై ఏళ్లు ఎవరి ఖాతాలో వేయాలి? శాతవాహనుల ఊసే లేదు. అందరి నాణేలూ తూకం వేసిన మనిషికి, సీసంతో కూడా నాణేలు పోసిన రాజులు కనబడకపోవడం విడ్డూరం. 3వ శతాబ్దంలో వాళ్ల రాజ్యం ఇక్ష్వాకులు, ఆభీరుల మధ్య ముక్కలైన తీరు ఈ కోర్సుకు అతికినట్టు సరిపోయేది.

సాంకేతిక విషయాలు: ఆడియో శుభ్రంగా ఉంది, స్పీడ్ కొంచెం పెంచినా మాట చెదరదు. యాప్ మాత్రం టెన్షన్ పెడుతుంది. ఫోన్ కాల్ వస్తే ఆగిన చోటు మర్చిపోయి మళ్లీ మొదటికి వెళుతుంది. కస్టమర్ కేర్‌కు రాస్తే ఒకే జవాబు మళ్లీ మళ్లీ పంపారు. మ్యాపుల పీడీఎఫ్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే అలుక్కుపోతాయి, మంచి అట్లాసు ఒకటి పక్కన పెట్టుకోండి.

కొనాలనుకుంటే వరుసలో వినకండి. ముందు నాణేలు, తర్వాత కార్తేజ్, ఆపైన ఉగారిత్. ఈ మూడూ నచ్చితే అస్సీరియాకు, హాన్ చైనాకు వెళ్లండి, అవీ ఫరవాలేదు. ‘నేటికి పాఠాలు’ అనే ఆఖరి లెక్చర్ వినకపోతే పోయేదేమీ లేదు. అయిదుకు మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ అర యాప్ బాగుచేస్తే నాలుగవుతుంది.