ఇంటెగ్రల్‌లోని ఎస్‌పీఐ స్పెక్ట్రోమీటర్: పనితీరుపై ఒక సమీక్ష

పాలపుంత నడిబొడ్డున ప్రతిపదార్థం నశించేటప్పుడు వెలువడే 511 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణాలను అధ్యయనం చేసేవారికి, ఐరోపా అంతరిక్ష సంస్థ 2002 అక్టోబరు 17న ప్రయోగించిన ఇంటెగ్రల్ ఉపగ్రహంలో గామా కిరణాల శక్తిని కొలిచే ఎస్‌పీఐ కంటే నమ్మదగిన పరికరం ఇంతవరకు లేదని నా అభిప్రాయం. దాని పరిశీలనలు 2025 ఫిబ్రవరి 28న ముగిశాయి కనుక మొత్తం పనితీరును ఇప్పుడు నిదానంగా తూచి చూడవచ్చు.

శక్తిని కొలవడంలో ఇది అసాధారణమైనది. సున్నాకు దాదాపు 190 సెల్సియస్ డిగ్రీల దిగువన చల్లగా ఉంచిన 19 జెర్మేనియం డిటెక్టర్లు వర్ణపటంలో 511 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర కనిపించే రేఖ ఉనికినే కాక దాని వెడల్పును కూడా పట్టి ఇచ్చాయి. ఆ వెడల్పును, రేఖకు దిగువన పరుచుకున్న వర్ణపటాన్ని కలిపి చూసినప్పుడు, అక్కడి పాజిట్రాన్లు (ఎలక్ట్రాన్లకు ప్రతిపదార్థ రూపాలు) దాదాపు అన్నీ ముందుగా ఎలక్ట్రాన్లతో జతకట్టి పాజిట్రోనియంగా మారి, కొన్ని వేల డిగ్రీల వేడి గల పలుచని వాయువులో నశిస్తున్నాయని తేలింది. ఎన్నో కాంతి సంవత్సరాల అవతలి వాయువు స్థితిని ఒక రేఖ వెడల్పు నుంచి చదవగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. విశ్వకిరణాల తాకిడికి దెబ్బతినే స్ఫటికాలను సుమారు ఆరు నెలలకొకసారి నూరు డిగ్రీలకు పైగా వేడిచేసి సరిచేసే ఏర్పాటు వల్లనే, నాలుగు డిటెక్టర్లు పనిచేయడం మానినా, ఆ సూక్ష్మత చివరిదాకా నిలిచింది.

లోపమంతా దిశను గుర్తించడంలో ఉంది. టంగ్‌స్టన్ ముసుగు వేసే నీడను బట్టి దిక్కును లెక్కగట్టే ఈ పద్ధతి ఒంటరి నక్షత్రాలకు సరిపోతుంది కానీ, ఆకాశంలో విశాలంగా పరుచుకున్న కాంతికి స్పష్టమైన నీడ పడదు. పైగా దీని కోణీయ స్పష్టత సుమారు రెండున్నర డిగ్రీలు, అంటే పున్నమి చంద్రుడి వెడల్పుకు ఐదు రెట్లు. ఉపగ్రహం లోహంలోనే పుట్టే 511 కిరణాలు అసలు సంకేతాన్ని ముంచెత్తుతాయి. పాలపుంత పళ్లెంలో ఈ కాంతి ఒకవైపు ఎక్కువగా ఉందని 2008లో వెలువడిన ఫలితం, మరింత సమాచారంతో చేసిన తర్వాతి విశ్లేషణల్లో నిలవకపోవడానికి ఈ పరిమితులే నేపథ్యం. అందువల్ల పాజిట్రాన్లు ఎలా నశిస్తున్నాయో బాగా తెలిసింది గానీ, ఎక్కడ పుడుతున్నాయో తేలలేదు: పళ్లెంలోని వాటికి రేడియోధార్మిక అల్యూమినియం-26 క్షయం చాలావరకు కారణమైనా, నడిబొడ్డులోని వాటికి సూపర్నోవాలా, ఎక్స్‌రే జంట తారలా, కృష్ణపదార్థమా అన్నది చర్చలోనే ఉంది.

సమాచార భాండాగారం అందరికీ ఉచితంగా తెరిచి ఉంది. విద్యార్థులు ఆకాశ పటాలతో కాక వర్ణపటాలతో మొదలుపెట్టడం మంచిది. పటాల కోసం, 2027లో ప్రయోగించాలని నాసా తలపెట్టిన కోసి అనే గామా కిరణాల దూరదర్శిని దాకా ఆగవచ్చు.