టెలిగ్రామ్‌లో టీచర్ల గ్రూప్: ఒక సైన్స్ టీచర్ రివ్యూ

డిజిటల్ ప్యానెల్‌తోనో (గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్), ఫోన్‌తోనో క్లాసులో చేసిన పనిని తోటి టీచర్లతో పంచుకోవడానికి ఏ యాప్ మంచిదని అడిగితే నేను టెలిగ్రామ్ అనే చెబుతాను. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌ని. వేరువేరు బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో పరిచయమైన సైన్స్, మ్యాథ్స్ టీచర్లం కలిసి టెలిగ్రామ్‌లో గ్రూప్ పెట్టుకున్నాం. బోరబండ నుంచి యాకుత్‌పురా దాకా తెలుగు, ఇంగ్లీష్, ఉర్దూ మీడియం వాళ్లందరూ ఉన్నారు.

అంతకుముందు గ్రూపులు లేక కాదు. ఉన్నవన్నీ సర్క్యులర్లకే సరిపోయేవి. హాజరు వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, 'అర్జెంట్, సాయంత్రంలోగా పంపండి'... వీటి మధ్య ఒక సార్ కష్టపడి తీసిన వీడియో పెడితే కింద నాలుగు చప్పట్లు, ఆ వెంటనే ఎవరిదో పుట్టినరోజు. వారం తిరిగాక ఆ వీడియో కావాలంటే దొరకదు.

టెలిగ్రామ్ 2022 చివర్లో తెచ్చిన 'టాపిక్స్' ఈ చిక్కు తీర్చింది. ఒకే గ్రూప్‌లో విద్యుత్తుకు ఒకటి, కాంతికి ఒకటి, బహుపదులకు ఒకటి, ప్యానెల్ మొరాయించినప్పుడు అడగడానికి ఒకటి పెట్టుకున్నాం. కొత్తగా చేరినవాళ్లకు పాత పోస్టులు కూడా కనిపించేలా సెట్టింగ్ ఉంది. బదిలీ మీద వచ్చిన మేడమ్ ఎవరినీ అడగకుండానే వెనక్కి వెళ్లి అన్నీ చదువుకోవచ్చు. ఫైల్ ఒక్కోటి 2 జీబీ దాకా పంపొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేసుకుంటే ఫోన్ కూడా నిండిపోదు.

అయితే యాప్ ఎంత మంచిదైనా లింకులు మాత్రమే పడేస్తే ఉపయోగం లేదు. అందుకే మా గ్రూప్‌లో ఒక నియమం ఉంది: లింక్ ఒక్కటే పెట్టకూడదు. ఏ తరగతికి వాడారు, పిల్లలు ఏమన్నారు, ఎక్కడ ఆగిపోయింది అన్నది కూడా రాయాలి. 'దీక్షలో, టీ-శాట్‌లో పాఠాలున్నాయి కదా' అని కొందరు ఈ ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదికల గురించి అంటారు. ఉన్నాయి, మంచివే. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం వస్తుంది. కానీ ఆ పాఠం నిండు క్లాసు ముందు, కరెంటు పోయి వచ్చే పీరియడ్‌లో ఎలా నడిచిందో చెప్పేది తోటి టీచరే.

ఉదాహరణకు పదో తరగతి విద్యుత్ ప్రవాహం పాఠం. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, చాలామందికి తెలుసు. విద్యుత్ వలయం కట్టే సిమ్యులేషన్ ఒకే ఫైలుగా దిగుతుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఆ ఫైల్‌తో పాటు ఒక సార్ రాసిన పోస్టు నాకు ఇప్పటికీ పనికొస్తోంది. స్విచ్ వేయడానికి ముందే నోటుబుక్కులో రాయించాలట: శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, రెండు ఒకే రకం బల్బులుంటే ఏది ఎక్కువ వెలుగుతుంది? సగం క్లాసు 'బ్యాటరీకి దగ్గర ఉన్నది' అని రాస్తుంది. మొదటి బల్బే కరెంటు కొంత వాడేసుకుంటుందని వాళ్ల నమ్మకం. ఆ తర్వాత స్విచ్ వేసి చూపిస్తే రెండూ సమానంగా వెలుగుతాయి, అప్పుడు మొదలవుతుంది అసలు పాఠం. దాని కింద ఇంకో మేడమ్ ఒక మాట చేర్చారు: సిమ్యులేషన్‌లో షార్ట్ సర్క్యూట్ చేస్తే తెర మీది బ్యాటరీకి మంట అంటుకుంటుంది, పిల్లలు అదే పదేపదే అడుగుతారు, కాబట్టి దాన్ని చివరి అయిదు నిమిషాలకు ఉంచండి అని. ఇలాంటి మాట ఏ శిక్షణ మాడ్యూల్‌లోనూ నాకు దొరకలేదు.

పాతబస్తీలో ఉర్దూ మీడియం చెప్పే ఒక సార్ పోస్టు ఇంకా గొప్పది. ఆయిర్‌స్టెడ్ ప్రయోగంలో కరెంటు పారే తీగ పక్కన అయస్కాంత సూచి కదలడం వెనక బెంచీ వాళ్లకు కనపడదు. ఆయన నాలుగు పుస్తకాలు పేర్చి, వాటి మీద ఫోన్‌ను కెమెరా అంచు దాటి బయటికి వచ్చేలా పెట్టి, కెమెరాను సూచి మీదికి తిప్పి, ఆ స్క్రీన్‌ను ప్యానెల్‌కు కలిపారు. అరచేతిలో పట్టే దిక్సూచి గోడంత అయింది. రాసింది ఉర్దూలో, కానీ ఫోటోలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

మ్యాథ్స్ వాళ్లు జియోజెబ్రా అనే గణిత యాప్‌లో స్లైడర్‌తో పరావలయం తెరుచుకోవడం, మూసుకోవడం చూపించే వీడియోలు పెడుతుంటారు. అవీ బాగుంటాయి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇవి చిన్నవి కావు. టెలిగ్రామ్ గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని రక్షణ) ఉండదు, చాట్లలో అది సీక్రెట్ చాట్లకే. కాబట్టి పిల్లల మార్కులు, ముఖాలు, పేర్లు అక్కడ పెట్టకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మేం చేతులు, నోటుబుక్కులు, బల్బులు మాత్రమే ఫోటో తీస్తాం. మహిళా టీచర్లు చేరగానే ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ 'ఎవరికీ కనిపించకూడదు' అని పెట్టుకోండి. ఈ ఒక్క సౌకర్యం చూసే మా దగ్గర చాలామంది మేడమ్‌లు ధైర్యంగా రాస్తున్నారు. క్లాసులో ప్యానెల్ మీద మాత్రం సొంత అకౌంట్‌తో లాగిన్ అవ్వొద్దు. ఇంట్లోనే ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి తగ్గించింది ఎన్‌క్రిప్షన్ విషయానికే. మీరూ గ్రూప్ పెట్టుకుంటే సర్క్యులర్లను లోపలికి రానివ్వకండి, అడ్మిన్‌గా ఇద్దరైనా ఉండండి. మా గ్రూప్‌లో రసాయన శాస్త్రం టాపిక్ ఇంకా పలచగా ఉంది. ఆమ్లాలు, క్షారాలు పాఠాన్ని ఫోన్‌తో ఎవరైనా బాగా చెప్పి ఉంటే, ఎలా చెప్పారో కింద కామెంట్‌లో రాయండి.