ఫుట్‌పాత్ మీద కార్ల ఫిర్యాదు యాప్: నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నాను. ఆ రెండూ యాప్ తయారు చేసినవాళ్లకే. ఫిర్యాదు అందాక దాన్ని పట్టించుకోవాల్సినవాళ్లకి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వలేను.

ముందు బాగున్నవి చెప్తాను. ఫోటో తీస్తే చోటు, టైము దానంతట అవే పడతాయి, నంబరు ప్లేటు ఒక్కటే మనం కొట్టాలి, నిమిషంలో పని అయిపోతుంది. ఫిర్యాదు నంబరు వెంటనే వస్తుంది. పేరు బయటపెట్టకుండా పంపొచ్చు, ఇది చాలా అవసరం, ఎందుకంటే ఆ కార్లు ఎక్కువగా మన వీధివాళ్లవే, తెల్లారితే మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఫోన్ పాతదైనా ఎక్కడా ఆగిపోలేదు.

మా అమ్మ వాకర్‌తో నడుస్తుంది. ఫుట్‌పాత్ మీద కారు అడ్డంగా ఉంటే వాకర్‌ని కిందకి దించి, రోడ్డు మీద నాలుగడుగులు వేసి, కారు దాటాక మళ్లీ పైకి ఎక్కించాలి. మనకైతే అది అర నిమిషం పని. ఆవిడకి ఆ అంచు దిగడమే గండం, పైగా వెనక నుంచి వచ్చే బండి కనపడదు. ఒకరోజు అలాగే దిగబోయి ఆగిపోయి, "ఇంటికి పోదాం పద" అంది. ఆ రాత్రే ఈ యాప్ ఎక్కించుకున్నాను.

ఇప్పటికి 31 ఫిర్యాదులు పెట్టాను. 19 "పరిష్కరించాం" అని మున్సిపాలిటీవాళ్లు మూసేశారు. వాటిలో చాలావాటిని వెళ్లి చూశాను, ఎవరూ వచ్చిన జాడ లేదు, యజమాని తన పని చూసుకుని కారు తీసుకెళ్లిపోయాక ఫిర్యాదు మూసేశారు, మర్నాడు అదే కారు అదే చోట ఉంది. ఏడింటికి "ఇది మా పరిధిలోకి రాదు, పోలీసులకు చెప్పండి" అని మెసేజ్ వచ్చింది. పోలీసులకు ఫోన్ చేస్తే, ఫుట్‌పాత్ మున్సిపాలిటీది కాబట్టి వాళ్లే చూడాలి, ట్రాఫిక్ ఆగిపోతే అప్పుడు చెప్పండి అన్నారు. నడిచేవాళ్లు ఆగిపోతే అది ట్రాఫిక్ కాదా అండీ అని అడిగాను, సమాధానం రాలేదు. నాలుగు ఇంకా "పరిశీలనలో" ఉన్నాయి. నిజంగా మనిషి వచ్చి కారు తీయించింది ఒక్కసారే.

అందుకే ఈ రివ్యూలో యాప్ కంటే ఎక్కువ దీని గురించే రాస్తున్నాను: ఈ పని ఎవరిది? నా మటుకు నాకు ఇది ఫుట్‌పాత్ వేసినవాళ్ల పనే, అంటే మున్సిపాలిటీదే. ఆ పలకలు వేసింది మనుషుల బరువుకి, టన్ను పైన ఉండే కారు రోజూ ఎక్కి దిగితే అవి పగులుతాయి, కుంగుతాయి, వాన పడితే నీళ్లు నిలుస్తాయి, ఆ తర్వాత కారు లేని రోజు కూడా అక్కడ కాలు తట్టుకుని పడతాం. వాటిని మార్చే ఖర్చు మున్సిపాలిటీదే అయినప్పుడు, పగలగొట్టేవాళ్లని ఆపే అధికారం ఇంకొకరి దగ్గర ఎందుకు ఉండాలి? పోలీసులని నేను తప్పుపట్టడం లేదు. దొంగతనం, కొట్లాట, యాక్సిడెంట్ అన్నీ చూసుకోవాల్సిన స్టేషన్‌లో ఫుట్‌పాత్ మీది కారు ఎప్పుడూ వరసలో చివరే ఉంటుంది.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. లండన్‌లో 1974 చట్టం ప్రకారం ఫుట్‌పాత్ మీద కారు ఆపడమే తప్పు, ప్రత్యేకంగా అనుమతించిన చోట్ల తప్ప. మిగతా ఇంగ్లండ్‌లో చాలాకాలం అలాంటి సాధారణ నిషేధం లేదు. ఫుట్‌పాత్ మీద బండి నడపడం 1835 చట్టం నుంచీ నేరమే, కానీ నడుపుతుండగా చూసినవాళ్లు ఉండాలి కదా, పొద్దున లేచేసరికి కారు అక్కడ ఉంటే దాన్ని ఎక్కించింది ఎవరని చూపించాలి? ఇక మిగిలింది "దారికి అడ్డం" అనే కేసు, అది పోలీసుల చేతిలో ఉండేది. స్కాట్లండ్ ఈ చిక్కుని 2019లో చట్టం చేసి తీసేసింది. 2023 డిసెంబర్ నుంచి అక్కడ స్థానిక కౌన్సిళ్లే, అంటే మన మున్సిపాలిటీల్లాంటివే, జరిమానా వేయొచ్చు, 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం. కారు పూర్తిగా అడ్డం ఉందా, కొంచెం చోటు వదిలారా అనే వాదనే లేదు, చక్రం ఫుట్‌పాత్ మీద ఉంటే చాలు. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే "పక్కనుంచి వెళ్లొచ్చుగా" అనే మాట మా వీధిలో నేను విన్నన్నిసార్లు ఇంకెవరూ విని ఉండరు.

సందులు ఇరుకుగా ఉన్నచోట కార్లన్నీ కిందకి దింపితే ఫైరింజన్ ఎలా వెళ్తుంది అంటారు. న్యాయమైన ప్రశ్నే. స్కాట్లండ్‌లో అలాంటి వీధులకి కౌన్సిల్ మినహాయింపు ఇవ్వొచ్చు. అంటే వీధి వీధీ కొలిచి, ఇక్కడ పర్లేదు, ఇక్కడ కుదరదు అని ఒకరు బాధ్యతగా నిర్ణయించాలి. ఆ కొలతలు తీయగలిగేది కూడా మున్సిపాలిటీయే.

అధికారం ఉండి కూడా కదలకపోతే ఏం చేయాలి అన్నదానికి జర్మనీలో ఒక తీర్పు ఉంది. బ్రెమెన్‌లో కొందరు ఇంటివాళ్లు తమ వీధి ఫుట్‌పాత్‌ల మీది కార్ల గురించి కోర్టుకెళ్తే, 2024 జూన్‌లో ఆ దేశ ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు, తమ ఇంటి ముందు ఫుట్‌పాత్ బాగా ఇరుకైపోతే చర్య తీసుకోమని అడిగే హక్కు వాళ్లకి ఉందని చెప్పింది. ఎలా చర్య తీసుకోవాలన్నది మాత్రం ఆఫీసుకే వదిలింది. ఇది చదివాక నా ఫిర్యాదు ఎవరి దయ కోసమో పెట్టింది కాదనిపించింది.

గుడ్డివాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఫుట్‌పాత్ మీద కాలికి తగిలే బుడిపెల పలకలు ఉంటాయే, అవి మొదట వేసింది 1967లో జపాన్‌లోని ఒకాయామాలో, సేయిచి మియాకే అనే ఆయన తయారు చేశారు. కర్ర చివరతో, పాదంతో తడుముకుంటూ ఆ గీత వెంట నడిచే మనిషికి మధ్యలో కారు వస్తే, పక్కకి జరగాలంటే ఎటు జరగాలో తెలియదు. ఈ యాప్‌లో ఆ పలకల మీద ఆపిన కారుకి వేరే ఆప్షన్ కూడా లేదు. అది వెంటనే పెట్టాలి, అలాంటి ఫిర్యాదు ముందు వరసలోకి రావాలి.

ఇంకో రెండు మార్పులు చేస్తే నేను నాలుగు స్టార్లు ఇస్తాను. "పరిష్కరించాం" అని మూసేముందు అధికారి అక్కడికెళ్లి ఫోటో పెట్టాలి. పరిధి మాది కాదంటే ఫిర్యాదు దానంతట అదే అవతలి ఆఫీసుకి వెళ్లాలి, మళ్లీ మొదటినుంచి ఫోన్ పట్టుకుని మనం తిరగడం ఏంటి?

ఒక చోట మాత్రం ఫలితం కనిపించింది. మలుపు దగ్గర ఒకే మూల గురించి నేనూ ఇంకొంతమందీ వరసగా పెడుతూ పోతే, అక్కడ మోకాలెత్తు స్తంభాలు రెండు పాతారు. అప్పటినుంచి అక్కడ కారు ఎక్కలేదు, జరిమానా రాసే పనీ లేదు, గొడవా లేదు.

కొత్తగా వాడేవాళ్లు ఫోటోలో నంబరు ప్లేటుతో పాటు నడవడానికి మిగిలిన చోటు కూడా పడేలా తీయండి, దగ్గరగా ప్లేటు ఒక్కటే తీసిన నా మొదటి మూడు ఫోటోలూ "స్పష్టంగా లేదు" అని పక్కన పెట్టేశారు, మళ్లీ తీసి పెట్టాల్సి వచ్చింది. యజమానితో మాత్రం గొడవకి దిగొద్దు. పరిశీలనలో ఉన్న ఆ నాలుగింటి సంగతి తేలాక ఇక్కడే అప్‌డేట్ చేస్తాను.