నా మొదటి రైఫిల్: 315 బోర్

పోయిన వారం మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, మక్కల నక్కలు పడుతున్నయ్. నువ్వు కొన్న రైఫిలే నేనూ తీసుకోనా?" అని అడిగాడు. ముందు నక్కల సంగతి చెప్పాలి. నక్క, గుంటనక్క రెండింటికీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఎన్ని కంకులు కొరికినా వాటి మీద తుపాకి ఎత్తకూడదు. నేను రైఫిల్ కొన్నది అడవిపందుల కోసం. అదీ పందుల్ని కొట్టేవాళ్ల అటవీశాఖ జాబితాలో పేరు ఎక్కి, ఊరివాళ్లు రాసిచ్చిన ఫిర్యాదు మీద అనుమతి వచ్చాకే బయటికి తీస్తాను.

మాది నర్సంపేట అవతల, పాకాల అడవి అంచున ఉన్న ఊరు. కంకి పాలు పోసుకునే రోజుల్లో పందుల మంద దిగితే తెల్లారేసరికి పది గుంటల మక్క నేలపాలు. బాపు కాలం నుంచి ఇంట్లో ట్వెల్వ్ బోర్ డబల్ బ్యారెల్, అంటే ఒక్కో తూటాలో చాలా గుండ్లుండే రెండు గొట్టాల తుపాకి, ఉంది. బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు. ముప్పై మీటర్లలోపు అది బాగానే పని చేస్తుంది. దూరం పెరిగితే గుండ్లు చెదిరిపోయి పంది గాయంతో పారిపోతుంది. ఆ గాయపడ్డ పంది పొద్దున కూలికి వచ్చిన ఆడవాళ్ల మీద పడితే? ఆ టెన్షన్ భరించలేకే రైఫిల్ వైపు చూశాను.

ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. బాపు డబల్ బ్యారెల్ ఒకటి పోగా నాకు మిగిలింది ఒకే అవకాశం. అందుకే బోర్ విషయంలో నెలల తరబడి ఆలోచించాను.

పాయింట్ టూటూ (.22) అనే చిన్న రైఫిల్‌ను మొదట్లోనే పక్కన పెట్టాను. అందులో మందును రగిలించే మసాలా తూటా అడుగు అంచులో ఉంటుంది, తూటా చిన్నది, దానితో పందిని కొట్టడమంటే దాన్ని హింస పెట్టడమే. పెద్ద రైఫిళ్లకు ఆ మసాలా అడుగు నడిమధ్యలో ఉంటుంది, సెంటర్‌ఫైర్ అనేది అందుకే. వాటిలో 303 సైన్యం తూటా, మనలాంటివాళ్లకు ఇవ్వరు. బ్రిటిష్ వాళ్లు సైన్యం తూటా జనానికి దక్కకూడదని కట్టడి చేయబట్టే మన దేశంలో 315 ఇంతగా పాతుకుపోయింది. ఇక 315కు పోటీగా మిగిలింది 30-06. అమెరికా సైన్యం 1906లో తీసుకున్న తూటా అది. 180 గ్రెయిన్ల (దాదాపు పన్నెండు గ్రాముల) తూటా సెకనుకు దాదాపు 820 మీటర్ల వేగంతో పోతుంది. నూటయాభై మీటర్ల దూరం కొట్టాల్సిన చోట నేనూ దాన్నే కొనేవాణ్ని. మా చేన్లలో నలభై, యాభై మీటర్లు దాటి కనిపించేదే లేదు.

అలా ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారయ్యే 315 తీసుకున్నాను. ఎనిమిది మిల్లీమీటర్ల తూటా, 244 గ్రెయిన్లు, అంటే దాదాపు పదహారు గ్రాములు. మొన సీసంతో మెత్తగా ఉంటుంది కాబట్టి లోపలికి పోయాక విచ్చుకుంటుంది. రెండు సీజన్లలో నేను కొట్టిన పందుల్లో ఒక్కటీ ఇరవై అడుగులు దాటి పోలేదు. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. భుజానికి దెబ్బ గట్టిగానే తగులుతుంది, కానీ రెండు మూడు తూటాలకు అలవాటైపోతుంది.

కొత్తగా తీసుకునేవాళ్లు ఒకటి నేర్చుకోవాలి. 315 తూటా అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో, అంటే రైఫిల్‌లో తూటాలు నింపే పెట్టెలో, అయిదు పడతాయి. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి, వెనక పడితే తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టు ముందుకు కదలదు. మొదటి రాత్రే నాకు అలా ఇరుక్కుంది. చీకట్లో చేతులు వణికాయి, మంద వెళ్లిపోయింది. ఆ తర్వాత వారం రోజులు పగటిపూట ఇంట్లో డమ్మీ తూటాలతో నింపడం, తీయడం సాధన చేశాను.

తప్పిన తూటా ఎక్కడ ఆగుతుందన్నది బోర్ కన్నా పెద్ద విషయం. 315 తూటా కూడా కిలోమీటర్లు పోగలదు, పక్క చేను మంచె మీద ఇంకో రైతు కాపలా ఉంటాడు. అందుకే నేను పన్నెండు అడుగుల మంచె మీద నుంచి కిందికి, మెత్తటి నేల వెనకున్నప్పుడే కొడతాను. రాళ్ల చెల్క వైపు పంది నిలబడితే వదిలేస్తాను, రాయికి తగిలి తూటా ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. పక్కన తమ్ముడు టార్చ్ పడతాడు. వాడు "పిల్లలున్నయ్ అన్నా" అంటే ఆ తల్లిపందిని ముట్టను. చచ్చిన పందిని అధికారుల ముందే గుంత తీసి పూడ్చేస్తాం, మాంసం ఎవరూ తీసుకోకూడదు.

తుపాకి ఉంది కదా అని దాని మీదే ఆధారపడితే కష్టం. 2024 మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే రైఫిల్‌కు నూనె పట్టించి స్టేషన్‌లో అప్పగించాను. సరిగ్గా యాసంగి మక్క కంకి మీదున్న రోజులు. ఆ సీజన్ చేను చుట్టూ నాలుగు సాళ్ల ఆముదం, రాత్రంతా కాపలా, అవే కాపాడాయి.

మా బామ్మర్దికి ఈ ఏడాది ఆముదం గింజలు ఇచ్చి పంపాను. పందులు నిజంగా దిగి, వాడి పేరు కూడా జాబితాలో ఎక్కితే, 315 కోసం నేనే తోడు వెళ్తాను.