ఇంగ్లండ్ ఫ్యామిలీ హబ్‌లు మన తెలుగువాళ్లకు ఎంతవరకు పనికొస్తున్నాయి?

కడుపుతో ఉన్నప్పటి నుంచి పిల్లలకు 19 ఏళ్లు వచ్చేదాకా (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకైతే 25) కుటుంబానికి కావలసిన సాయం ఒకేచోట దొరకాలని ఇంగ్లండ్‌లో ఫ్యామిలీ హబ్‌లు పెట్టారు. తల్లిపాల సలహాలు, పసిపిల్లల ఆటల గ్రూపులు, పేరెంటింగ్ క్లాసులు, కాన్పు తర్వాత పట్టుకునే దిగులుకు సాయం, ఇవన్నీ పనికొచ్చేవే. చిక్కల్లా అవి ఎవరికి అందుతున్నాయన్న దగ్గరే.

ఇది కొత్త చిక్కు కాదు. ఈ హబ్‌లకు ముందు, అయిదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాల కోసం ప్రభుత్వం నడిపిన ష్యూర్ స్టార్ట్ 1999లో మొదలైనప్పటి నుంచీ మైనారిటీ కుటుంబాలను కేంద్రాలు సరిగ్గా చేరుకోవడం లేదని, ఏ జాతివాళ్లు ఎంతమంది వస్తున్నారో లెక్కలు కూడా సరిగ్గా లేవని విమర్శ ఉంది. ఆసియా వాళ్లకు ఇంటినిండా బంధువులుంటారు, బయటి సాయం అక్కర్లేదని అనుకోవడం పెద్ద పొరపాటు. వీసా మీద వచ్చిన జంటకు పురుడు పోసే అమ్మ, అత్తగారు పక్కన ఉండరు.

ఇలాంటి కేంద్రాలు దగ్గర్లో ఉన్నవాళ్లకు మేలు జరిగిందనడానికి ఆధారం ఉంది. 2024లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ వెలువరించిన అధ్యయనంలో, ష్యూర్ స్టార్ట్ దగ్గర్లో పెరిగిన పిల్లల జీసీఎస్ఈ (పదహారేళ్ల వయసులో రాసే స్కూలు పరీక్షలు) ఫలితాలు మెరుగయ్యాయి. పేద పిల్లల్లో, తెల్లజాతివారు కాని పిల్లల్లో ఆ మేలు మరీ ఎక్కువ. అయితే అదంతా 2003లోపు తెరిచిన కేంద్రాల వల్ల వచ్చిందే. వాటికి నిధులు ఎక్కువ, ఇళ్లకు వెళ్లి పలకరించే మనుషులూ ఉండేవారు. బోర్డు పెట్టి తలుపు తీసి కూర్చుంటే మనవాళ్లు రారు.

రాకపోవడానికి పెద్ద కారణం భయం. హబ్‌కు వెళ్తే పిల్లల్ని తీసుకుపోతారేమో, వీసాకు దెబ్బేమో అని. హబ్‌లో గ్రూపులకు వెళ్లడం 'పబ్లిక్ ఫండ్స్' (చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ భృతులు) కిందికి రాదు. 'ఎర్లీ హెల్ప్' అనేది, అంటే సమస్య ముదరకముందే కుటుంబానికి చేసే సాయం, మీరు ఒప్పుకుంటేనే మొదలవుతుంది. పిల్లలకు తీవ్రమైన హాని జరుగుతోందన్న, లేదా జరిగేలా ఉందన్న అనుమానం మీద, 1989 చిల్డ్రన్ యాక్ట్ సెక్షన్ 47 కింద జరిగే విచారణ వేరే సంగతి.

రెండో కారణం ఫారాలు. బిడ్డకు రెండేళ్లప్పుడు ఎదుగుదల చూసే రివ్యూలో ఏఎస్‌క్యూ-3 అనే, తల్లిదండ్రులు నింపే ప్రశ్నావళి ఇస్తారు: 5 విభాగాలు, ఒక్కోదాంట్లో 6 ప్రశ్నలు. 'అవును'కు 10 మార్కులు, 'అప్పుడప్పుడు'కు 5, 'ఇంకా లేదు'కు 0. 24 నెలల ఫారంలో బిడ్డ ఫోర్క్‌తో తింటుందా అని అడుగుతారు. చేత్తో తినే, లేదా అమ్మ కలిపి పెట్టే ఇంట్లో అక్కడ సున్నా పడుతుంది, బిడ్డలో ఏ లోపమూ లేకపోయినా. ఫారం నింపేముందు ఇంట్లో ఒకటి రెండుసార్లు ఫోర్క్ చేతికిచ్చి చూడండి. ప్రతి పనీ చేయించి చూశాకే రాయమని ప్రశ్నావళే చెబుతుంది. మాటల విభాగంలో 'అమ్మా దా', 'పాలు కావాలి' కూడా రెండు మాటలు కలిపి చెప్పినట్టే లెక్క. ఇంగ్లిష్ మాటలే లెక్కపెట్టి తక్కువ రాయకండి.

భర్తనో పెద్ద పిల్లనో దుబాసీగా కూర్చోబెడితే కాన్పు తర్వాతి దిగులు గురించి తల్లి నోరు విప్పదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. రిజిస్ట్రేషన్ ఫారంలో జాతి గడిలో 'ఇండియన్' అని టిక్ పెడితే తెలుగు సంగతి ఎవరికీ తెలియదు. ఇంటిభాష అడిగిన చోట 'తెలుగు' అని తప్పకుండా రాయండి, ఆ గడి లేకపోతే పక్కనైనా రాసివ్వండి.