ఇనాపరేటివా, డిఫంక్టా?

రెండూ ఆగిపోయినవాటికి వాడే మాటలే గానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే కొంప మునుగుతుంది.

అనంతపురంలో పాస్‌బుక్ పట్టుకుని వెళ్లిన రైతుతో బ్యాంకువాళ్లు "మీ అకౌంట్ ఇనాపరేటివ్ అయింది" అంటే టెన్షన్ పడక్కర్లేదు. రెండేళ్లకు పైగా ఖాతాదారు లావాదేవీలేవీ చేయకపోతే రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అలా మారుస్తారు. డబ్బు ఎక్కడికీ పోదు, సేవింగ్స్ ఖాతాకు వడ్డీ కూడా పడుతుంది. కేవైసీ కాగితాలిస్తే మళ్లీ నడుస్తుంది, అందుకు చార్జీ వసూలు చేయకూడదు (ఈ సంగతి అడిగితే తప్ప చెప్పరు!). ఆధార్‌తో కలపని పాన్‌కార్డులకు 2023 జులై 1 నుంచి తగిలించిందీ ఈ మాటే.

డిఫంక్ట్ అంటే ఇక లేనట్టే. కర్నూలు-కడప కాలువ తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసింది. ఇప్పుడు కంపెనీ డిఫంక్ట్. కాలువ మాత్రం కాదు, ఎండాకాలం చుక్క నీరు రాకపోయినా సరే. కర్నూలు రాజధానిగా 1953లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రం 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది కాబట్టి దానికీ ఈ మాట నప్పుతుంది.

బోరు మోటారు కాలిపోతే? రెండూ వద్దు. అవి నోటీసుల్లో రాసుకునే మాటలు. మెకానిక్‌కి నాట్ వర్కింగ్ అంటే చాలు.